సెల్లార్‌లో సెల్ఫ్ పడని కారు, ఘాట్‌లో పట్టని బ్రేకు

ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌గా చేరి మెకానిక్‌గానే రిటైరయ్యాను. ఉండేది విజయవాడ పటమటలో. కూతవేటు దూరంలో ఆటోనగర్ ఉన్నా, మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి కారు మొరాయించినా ముందు మోగేది మా ఇంటి కాలింగ్ బెల్లే. ఫీజు లేదు, పైగా మా ఆవిడ కాఫీ ఇస్తుంది.

వచ్చేవి రెండు రకాల ఫిర్యాదులు. "అంకుల్, సెల్ఫ్ పడట్లేదు" అనేది ఒకటి. ఇది చెప్పేవాళ్లు పరుగున వస్తారు, ఆఫీసుకి టైమైపోతుంటుంది కాబట్టి. "బ్రేకు ఏదోలా ఉందండీ" అనేది రెండోది. ఇది చెప్పేవాళ్లు లిఫ్టు కోసం నిలబడి, కరెంటు బిల్లు కబుర్ల మధ్యలో చెప్తారు. నాకు ఈ వరస తలకిందులుగా కనిపిస్తుంది. స్టార్ట్ కాని కారు ఎవరినీ ఏమీ చేయదు, ఉన్నచోటే ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ రెండూ వేర్వేరు జబ్బులని అందరూ అనుకుంటారు. ఇంజిన్ ఆగిన కారుకి బ్రేకు కూడా సగమే ఉంటుందని చాలామందికి తెలీదు. మొన్న వానాకాలంలో మా సెల్లార్ ర్యాంపు మీద చూశాను. నాలుగో అంతస్తు కుర్రాడి కారు బ్యాటరీ పడుకుంది. కింద తోయడానికి చోటు లేదు, రోడ్డు మీదకి తోసుకెళ్లి సెకండ్ గేరులో స్టార్ట్ చేద్దామని వాచ్‌మన్‌నీ ఇంకో ఇద్దరినీ పోగేశాడు. నేను పాల ప్యాకెట్ కోసం దిగేసరికి కారు ర్యాంపు సగంలో ఉంది. ముగ్గురూ డిక్కీకి భుజాలు ఆనించి తోస్తున్నారు. తడి సిమెంటు మీద వాచ్‌మన్ చెప్పు జారింది, కారు వెనక్కి మొదలైంది. కుర్రాడు బ్రేకు తొక్కాడు. పెడల్ దిగలేదు. కింద ఏదో అడ్డం పడిందనుకుని కాలు తీసి, వంగి చూశాడు! "హ్యాండ్ బ్రేకు లాగరా" అని నేను అరిచిన అరుపుకి రెండో అంతస్తు వాళ్లు కూడా బాల్కనీలోకి వచ్చారు. లాగాడు, ఆగింది. పిల్లర్‌కీ కారుకీ మధ్య వాచ్‌మన్ ఉన్నాడు.

ఆ పెడల్ కింద ఏమీ అడ్డం పడలేదు. కారు బ్రేకు వెనక బూస్టర్ అని గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు దాంట్లో గాలి లాగేసి వ్యాక్యూమ్ తయారవుతుంది. మన కాలి బలాన్ని అది కొన్ని రెట్లు పెంచి లోపలికి పంపిస్తుంది. ఇంజిన్ ఆగిపోయాక అందులో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకి సరిపోతుంది. తర్వాత పెడల్ బిగుసుకుపోతుంది. బ్రేకు పోయినట్టు కాదది, పనిచేస్తుంది, కానీ సీటుకి వీపు ఆనించి కాలంతా పెట్టి నొక్కాలి. ఏసీ వేసుకుని మెత్తగా తొక్కడం అలవాటైన కాలికి అది తట్టదు. హ్యాండ్ బ్రేకు చాలా కార్లలో ఉత్త కేబులే, దానికి ఇంజిన్‌తో పనిలేదు. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేకు ఉన్న కార్ల వాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: బ్యాటరీ చస్తే ఆ బటన్ కూడా మీ మాట వినకపోవచ్చు.

మా బస్సులకి ఇది పూర్తిగా తిరగబడి ఉంటుంది. బస్సు గాలితో ఆగుతుంది. స్ప్రింగు బ్రేకున్న బండిలో గాలి దిగిపోతే స్ప్రింగు వచ్చి చక్రాన్ని పట్టేస్తుంది, గాలి నిండేదాకా కదలదు. అందుకే డ్రైవరు బండి తీసేముందు గాలి ముల్లు చూస్తాడు. కారు ఓనరు చూసేది పెట్రోలు ముల్లు, మొబైల్ ఛార్జింగు.

బూస్టర్ బాగుందో లేదో మీరే చూసుకోవచ్చు. ఇంజిన్ ఆపి ఉంచి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. చివరి తొక్కు మీద కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందకి దిగాలి. దిగకపోతే బూస్టరో, దాని గొట్టమో చూపించుకోవాలి. స్టార్ట్ అయ్యాక కాలు అలాగే నొక్కిపెట్టి ఉంచితే పెడల్ నెమ్మదిగా నేల వైపు జారిపోతోందనుకోండి, అది వేరే కథ. మాస్టర్ సిలిండర్ (మన తొక్కుని ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగం) లోపలి రబ్బర్లు పోవడమో, ఎక్కడో ఆయిల్ కారడమో జరుగుతోంది. అలాంటి కారుతో బెంజ్ సర్కిల్ దాకా కూడా వెళ్లొద్దు. మెకానిక్‌నే ఇంటికి రమ్మనండి.

ఇక బ్రేక్ ఆయిల్. నాకు బాగా కోపం వచ్చే సబ్జెక్టు ఇది.

కొత్త కారు కొంటే దుర్గమ్మ గుడికి తీసుకెళ్తాం, పూజ చేయిస్తాం, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత ఆరేళ్లలో సీటు కవర్లు రెండుసార్లు మారతాయి, స్పీకర్లు మారతాయి, ఇంజిన్ ఆయిల్ తప్పకుండా మారుతుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం షోరూమ్ నుంచి వచ్చిందే ఉంటుంది. "లెవెల్ కరెక్టుగానే ఉంది కదా సార్" అంటారు. లెవెల్ సంగతి ఎవడడిగాడు?

బ్రేక్ ఆయిల్ నిజానికి నూనె కాదు. మన కార్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతి ద్రవాలు. వాటికి చెమ్మ పీల్చే గుణం ఉంది, శ్రావణంలో మూత సరిగ్గా పెట్టని ఉప్పు డబ్బా లాగా. రబ్బరు గొట్టాల గుండా, మూత సందుల్లోంచి ఏళ్ల తరబడి నీటి ఆవిరి చేరుతూనే ఉంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. దాంట్లో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. ఊళ్లో తిరిగినంతకాలం ఈ తేడా మీకు తెలియదు. ఘాట్ దిగేటప్పుడు పదే పదే తొక్కుతుంటే చక్రంతో తిరిగే డిస్కు వేడి, దాన్ని ప్యాడ్లతో నొక్కిపట్టే కాలిపర్‌కి, అక్కణ్నుంచి ఆయిల్‌కి ఎక్కుతుంది. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు మీరు తొక్కిన తొక్కంతా బుడగలు నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా ఏమీ రాదు. పెడల్ మెత్తగా నేలకి తగులుతుంది. కాసేపు ఆగి చల్లబడ్డాక మళ్లీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దాంతో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే "ఏం లేదు సార్, బానే ఉంది" అంటాడు.

చాలా కంపెనీల మాన్యువల్‌లో రెండేళ్లకో, 40 వేల కిలోమీటర్లకో మార్చమని ఉంటుంది. మీ కారు మాన్యువల్ తీసి చూడండి. డాష్‌బోర్డు అరలో, ఇన్సూరెన్స్ కాగితాల కింద, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంటుంది. ఆయిల్ ఖరీదు కొన్ని వందలు. మీరు చూడాల్సింది పని ఎలా చేస్తున్నారన్నది. కొన్నిచోట్ల పైన డబ్బాలో ఉన్నదాన్ని సిరంజితో లాగేసి కొత్తది పోసి, మార్చేశామని బిల్లు వేస్తారు. మరిగేది కింద చక్రం దగ్గర ఉన్న ఆయిల్. అది అలాగే ఉంటుంది. నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్ నిపిల్ (ఆయిల్ బయటికి తీసే చిన్న మర) విప్పి, నల్లగా వచ్చేది తేటగా వచ్చేదాకా తీయాలి. దగ్గర నిలబడి చూడండి, మొహమాటపడొద్దు. ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కొన్ని కార్లకి కంప్యూటర్ తగిలించి చేయాల్సిన పని కూడా ఉంటుంది, అది మాన్యువల్ ప్రకారం చేసేచోటికే వెళ్లండి.

ఇంకో రెండు మాటలు చెప్పి దీన్ని వదిలేస్తాను. డబ్బాలో లెవెల్ తగ్గిందని వెంటనే పోసేయకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. అంటే లెవెల్ తగ్గడం అంటే ప్యాడ్లు చూడమని అర్థం. ప్యాడ్లు బాగుండి కూడా తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. రెండోది, చేతికి దొరికిన ఇంజిన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో అందులో పోస్తే సిస్టమ్‌లో రబ్బరన్నదంతా ఉబ్బిపోతుంది. తర్వాత అయ్యే ఖర్చు విని కూర్చుండిపోతారు. డాట్ 5 అని సిలికాన్ రకం ఒకటుంది, అది వీటితో కలవదు. డాట్ 5.1 వేరు, అది గ్లైకాలే. ఆ చుక్కని చిన్నచూపు చూడకండి.

ప్యాడ్ల గురించి అందరికీ కొంత తెలుసు కాబట్టి త్వరగా చెప్తాను. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లు, ఆ పైన ఉంటుంది. 3 దగ్గరికి వచ్చిందంటే మార్చడమే. అలాయ్ వీల్ ఊచల్లోంచి మొబైల్ లైటు వేసి బయటి ప్యాడ్ చూడొచ్చు. అది చూసి ధైర్యపడొద్దు. కాలిపర్ జరిగే పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటే, లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగిపోయినా బయటిది నిక్షేపంగా ఉంటుంది. కాబట్టి ఏడాదికోసారైనా చక్రం విప్పి లోపలిది చూడాలి, పిన్నులు శుభ్రం చేసి బ్రేకులకి వాడే గ్రీజే రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు పాడవుతాయి. ప్యాడ్లు ఎప్పుడు మార్చినా ఎడమా కుడీ కలిపే మార్చాలి. డిస్కు మీద దాని కనీస మందం చెక్కి ఉంటుంది, లేత్ పట్టిద్దామనే మెకానిక్‌కి ముందు ఆ అంకె చూపించండి.

శబ్దాల సంగతి. ఉదయాన్నే మొదటి రెండు మూడు తొక్కుళ్లకి గరగర వచ్చి పోతే రాత్రి డిస్కు మీద పట్టిన పల్చటి తుప్పు, పట్టించుకోనక్కర్లేదు. రోజంతా కీచుమంటుంటే ప్యాడ్ మీది హెచ్చరిక రేకు డిస్కుకి రాసుకుంటోంది. గరగరమని ఇనుము మీద ఇనుము రాసుకునే మోత అయితే ఆలస్యమైపోయింది. వేగంలో తొక్కితే స్టీరింగ్ వణకడం డిస్కు సమస్య. ఒక పక్కకి లాగడం కాలిపర్ జామ్ కావడం వల్ల కావచ్చు, ప్యాడ్‌కి నూనె అంటడం వల్లా కావచ్చు. కీచుమంటోందని బ్రేకులకి నూనె వేసినవాళ్లని నేను చూశాను. కారు కడిగే కుర్రాడు టైర్ పాలిష్ స్ప్రే చేస్తూ డిస్కు మీద కూడా కొట్టేస్తాడు, చెప్పి ఉంచండి. వానలో గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కాలి కింద టకటకమని కొట్టుకుంటే భయపడి కాలు తీయకండి, ఏబీఎస్ తన పని తాను చేస్తోంది. 2019 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లన్నింటికీ అది ఉంటుంది. అన్నట్టు, డ్రైవరు సీటు కింద నీళ్ల సీసా పెట్టుకునే అలవాటు మానండి. అది దొర్లుకుంటూ బ్రేకు పెడల్ కింద దూరిందంటే నేను పైన చెప్పినవేవీ అక్కరకు రావు.

ఘాట్ రోడ్డు గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. మావాళ్లు ఏటా ఒకసారైనా శ్రీశైలమో, తిరుమలో, అరకో వెళ్లొస్తారు. తిరుమలలో ఎక్కడానికొక రోడ్డు, దిగడానికొక రోడ్డు. దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, మలుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇంత సమయం కంటే ముందు కింద చెక్‌పోస్టుకి చేరకూడదన్న నిబంధన అక్కడుంది. జనం దాన్ని విసుక్కుంటారు గానీ మెకానిక్‌గా నాకది ముచ్చటేస్తుంది. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగే దారిలో అలా అడిగేవాళ్లు లేరు. అక్కడ చూడండి, దిగే కార్లలో సగం న్యూట్రల్‌లో ఉంటాయి. పెట్రోలు మిగులుతుందట.

మిగలదు. కార్బొరేటర్ కాలం నాటి లెక్క అది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్ గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే, వాలులో చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, కంప్యూటర్ పెట్రోలు సరఫరా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఐడిల్‌లో తిరగడానికి తాగుతూనే ఉంటుంది. అంటే పెట్రోలూ పోయింది, ఇంజిన్ పట్టూ పోయింది, బరువంతా బ్రేకుల మీద పడింది. ఇంకొందరు ఇంజినే ఆపేస్తారు. బూస్టర్ సంగతి పైన చదివారు కాబట్టి వాళ్ల గురించి నేనేమీ అనను.

ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడూ అదే గేరు. సాధారణంగా రెండు, మూడు. ఆటోమేటిక్ అయితే ఎల్ అన్న అక్షరమో, మాన్యువల్ మోడో ఉంటుంది, ఊళ్లో ఎప్పుడూ ముట్టుకోని ఆ సదుపాయం ఇందుకే ఉంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచేయకుండా, మలుపుకి ముందు గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయాలి. వదిలిన ఆ కాసేపట్లో డిస్కుకి గాలి తగులుతుంది. కాలిన వాసన వచ్చినా, పెడల్ మామూలు కంటే కిందకి దిగినా, వెడల్పు చోటు చూసి ఆపేయండి. గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డం పెట్టి, పావుగంటో ఇరవై నిమిషాలో కూర్చోండి. వేడెక్కిన డిస్కు మీద సీసాలో నీళ్లు పోసేవాళ్లుంటారు. డిస్కు వంగుతుంది, పగలొచ్చు కూడా. పిల్లలు అక్కడికి దగ్గరగా పోకుండా చూడండి, ముట్టుకుంటే బొబ్బలెక్కుతాయి.

ఇప్పుడు బ్యాటరీ.

ఐదో అంతస్తులో ఒకావిడ ఉంటారు, పిల్లలిద్దరూ డాలస్‌లో. ఆయన పోయాక కారు అమ్మడానికి మనసొప్పక ఉంచుకున్నారు. "వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచుతూనే ఉన్నా కదండీ అన్నయ్యగారూ, అయినా ఎందుకు చచ్చిపోయింది?" అని అడిగారు. అందుకే చచ్చిపోయింది. స్టార్టర్ మోటారు ఒక్కసారి తిరిగితే బ్యాటరీ నుంచి పెద్ద మోతాదులో కరెంటు లాగుతుంది. నిలబెట్టిన ఇంజిన్‌తో ఐదు నిమిషాల్లో ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) అదంతా తిరిగి నింపలేదు, పైగా ఆవిడ ఏసీ కూడా వేస్తారు. నడిపితే వారానికోసారి అరగంటైనా రోడ్డు మీద నడపాలి. నడపలేకపోతే మైనస్ టెర్మినల్ విప్పేయాలి. ఆవిడ మనవడి వరసయ్యే కుర్రాడు ఆదివారం బందరు రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి తెస్తున్నాడు, ఆవిడ పక్క సీట్లో కూర్చుంటున్నారు. ఎక్కువకాలం నిలిపి ఉంచే కారుకి హ్యాండ్ బ్రేకు కూడా వేసి ఉంచొద్దు. వానాకాలం చెమ్మకి వెనక డ్రమ్ము బ్రేకులో ప్యాడ్ల పని చేసే షూలు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. సమతలంగా ఉన్నచోట గేరులో పెట్టి, చక్రాలకి రెండు వైపులా ఇటుకలు పెడితే చాలు.

బ్యాటరీలు చలికి చస్తాయని టీవీల్లో చెప్తారు. మన విజయవాడ బ్యాటరీని చంపేది ఎండ. మే నెల వేడికి లోపల నీరు ఆవిరవుతుంది, ప్లేట్లు దెబ్బతింటాయి. సగం చచ్చింది కాస్తా ముసురు పట్టిన ఏ ఉదయమో, లైట్లూ వైపర్లూ అన్నీ వేసినప్పుడు చేతులెత్తేస్తుంది. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీని ఎండాకాలం ముందే చూపించుకోండి. చిన్న మల్టీమీటరు కొనుక్కుంటే ఇంకా మంచిది. రాత్రంతా నిలబడిన కారుకి 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే కిందైతే ఖాళీ. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అంతకంటే బాగా తక్కువుంటే బ్యాటరీ మారుస్తూ పోయినా లాభం లేదు, ఆల్టర్నేటర్ చూపించాలి.

సెల్ఫ్ పడనప్పుడు కేబుళ్లు వెతికేముందు టెర్మినళ్లు చేత్తో కదిపి చూడండి. వదులుగా ఉన్నా, తెల్లగానో పచ్చగానో పొడి పట్టినా కరెంటు దాటదు. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో కడిగితే పోతుంది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఈ వరసకి కారణముంది. ముందే ప్లస్ విప్పుతుంటే స్పానరు బాడీకి తగిలిందా, నిప్పులు లేస్తాయి.

అప్పటికీ కాకపోతే జంప్ స్టార్ట్. వేరే కారు బ్యాటరీ నుంచి కేబుళ్లతో కరెంటు తెచ్చుకోవడం. తప్పుగా చేస్తే రెండు కార్లూ షెడ్డుకి పోయే పని ఇది.

ముందు బ్యాటరీని చూడండి. ఉబ్బినా, పగిలినా, కారుతున్నా, కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నా దాని జోలికి పోవద్దు. చేతి ఉంగరం, లోహపు వాచీ తీసేయండి. ప్లస్‌కీ బాడీకీ మధ్య ఉంగరం వంతెన అయితే అది ఎర్రగా కాలి వేలిని పట్టుకుంటుంది. కళ్లద్దాలుంటే పెట్టుకోండి. సిగరెట్ దూరం. రెండు కార్లూ దగ్గరగా తేవాలి గానీ ఒకదానికొకటి తగలకూడదు. రెండూ ఆపేసి, న్యూట్రల్‌లో వేసి, హ్యాండ్ బ్రేకులు లాగి, లైట్లూ ఏసీలూ కట్టేయాలి.

ఎర్ర క్లిప్పు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి. ఎర్రదాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి. ఇంతవరకు అందరూ సరిగ్గానే చేస్తారు. మిగిలిన నల్ల క్లిప్పు చచ్చిన బ్యాటరీ మైనస్‌కి పెట్టబోతారు, నేను చెయ్యి పట్టుకుంటాను. అది ఇంజిన్ మీద, రంగు లేని బరువైన లోహానికి, బ్యాటరీకి వీలైనంత దూరంగా తగిలించాలి. ఇంజిన్ ఎత్తడానికి వాడే కొక్కెం చాలా ఇంజిన్లకి ఉంటుంది, దానికి పెడతాను నేను. చివరి క్లిప్పు తగిలినప్పుడు చిటుక్కున నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీల్లోంచి హైడ్రోజన్ వస్తుంటుంది. ఆ రవ్వ దాని దగ్గర లేస్తే మూత ఎగిరి ఆసిడ్ మొహాన పడుతుంది. డిపోలో ఒకసారి బ్యాటరీ పేలడం చూశాను. కంటికి ఏమీ కాలేదు గానీ ఆ హెల్పరు ఖాకీ చొక్కా సాయంత్రానికి చిల్లులు పడిపోయింది. అప్పటి నుంచి బ్యాటరీ మీద ముఖం పెట్టి వంగేవాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాత మంచి కారు స్టార్ట్ చేసి నాలుగైదు నిమిషాలు ఉంచండి. ఈ ఓపిక ఎవరికీ ఉండదు. ఆ కాసేపట్లో చచ్చిన బ్యాటరీకి కొంత ప్రాణం వస్తుంది. అప్పుడు సెల్ఫ్ కొట్టండి, ఒక్కోసారి ఐదారు సెకన్లకి మించకుండా, మధ్యలో విరామమిస్తూ. పడ్డాక వచ్చిన దారినే వెనక్కి: ఇంజిన్ మీది నల్లది, మంచి బ్యాటరీ నల్లది, దాని ఎర్రది, చివరికి చచ్చిన బ్యాటరీ ఎర్రది. విప్పేటప్పుడు క్లిప్పులు ఒకదానికొకటి తగలనివ్వకండి. ప్లస్ మైనస్ తారుమారైతే ఫ్యూజులతో వదిలితే అదృష్టం. ఆల్టర్నేటర్ డయోడ్లు, కంప్యూటర్ కూడా పోవచ్చు.

65వ నంబరు జాతీయ రహదారి మీద దాబాల దగ్గర ఒక పద్ధతి చూస్తుంటాను. కారు ఆగిపోతే లారీ డ్రైవరన్నని అడుగుతారు. పాపం వాళ్లు కాదనరు. లారీలో, బస్సులో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. దాన్ని 12 వోల్టుల కారుకి తగిలిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. రెండింట్లో ఒకదాని నుంచే తీసుకుందామని తెలివైనవాళ్లు అంటారు. వైర్లు అటూ ఇటూ అయితే కారు ఎలక్ట్రానిక్స్ మొత్తం పోతుంది, నేనైతే ఒప్పుకోను. మరో కారు వచ్చేదాకా టీ తాగండి.

కేబుళ్ల దగ్గర కూడా మోసముంది. పైన ప్లాస్టిక్ బొద్దుగా ఉండి, కోస్తే లోపల సన్నటి తీగ ఉంటుంది. స్టార్టర్ లాగే కరెంటుకి అది వేడెక్కి కరిగిపోతుంది. పెట్రోలు కారుకి రాగి తీగ 16 చదరపు మిల్లీమీటర్లైనా ఉండాలి, పెద్ద డీజిలుకి 25. కొనేటప్పుడు చేతిలో బరువు చూడండి.

తోసి స్టార్ట్ చేయడం మాటేమిటని అడుగుతారు. ఆటోమేటిక్‌కి పనికిరాదు. మాన్యువల్‌కి కూడా, బ్యాటరీ పూర్తిగా చస్తే పెట్రోలు పంపూ, కంప్యూటరూ లేవవు, ఎంత తోసినా దండగే. కాస్త ప్రాణం ఉంటే సమతలమైన రోడ్డు మీద పనిచేయొచ్చు. ర్యాంపు మీద మాత్రం వద్దు.

ఇంజిన్ పడ్డాక అరగంటైనా నడపండి. అది మళ్లీ ఒకసారి స్టార్ట్ కావడానికే. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ నిండాలంటే షాపులో ఛార్జరు మీద నెమ్మదిగా పెట్టించాలి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే కార్లకి వేరే రకం బ్యాటరీ ఉంటుంది, చవకని మామూలుది వేయిస్తే త్వరగా పోతుంది. ఆ కార్లలో చాలావాటికి మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సరు ఉంటుంది, నల్ల క్లిప్పు అక్కడ పెట్టకుండా బాడీ ఎర్త్‌కి పెట్టాలి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్ల నుంచి వేరే కారుకి కరెంటు ఇవ్వాలనుకుంటే ముందు మాన్యువల్ చదవండి. చాలావాటికి ఇవ్వొద్దనే రాసి ఉంటుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక ఓనర్లు చాలామంది ముందు చేసిన పని జంపర్ కేబుళ్లు తగిలించి సెల్ఫ్ కొట్టడం. ఇంజిన్‌లోకి నీళ్లు పోయి ఉంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఆ నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. నీళ్లలో మునిగిన కారుకి మొదట మైనస్ విప్పేసి, లాగించుకుని షెడ్డుకి తీసుకెళ్లాలి. ఆ కారుకి బ్రేక్ ఆయిల్ మార్చాలి, డ్రమ్ములు విప్పి బురద కడగాలి. ఈ మాట చాలా షెడ్లలో చెప్పరు, మీరే అడగండి. మామూలు వానలో మోకాల్లోతు నీళ్లు దాటొచ్చినా సరే, వెంటనే వెనక ఎవరూ లేకుండా చూసి నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకు మెత్తగా తొక్కితే తడి ఆరుతుంది.

ఈమధ్య జేబులో పట్టే జంప్ స్టార్టర్లు వస్తున్నాయి, లిథియం బ్యాటరీవి. మా అబ్బాయి ఒకటి కొనిచ్చాడు. బాగానే పనిచేస్తోంది, వేరే కారు అక్కర్లేదు, ఉల్టా తగిలిస్తే బీప్ అంటుంది. మే నెల ఎండలో మూసిన కారులో మాత్రం దాన్ని ఉంచొద్దు, ఇంట్లోనే పెట్టుకోండి. నాది మా గుమ్మం పక్క చెప్పుల స్టాండ్ పై అరలో ఉంటుంది. ఎవరు కావాలన్నా తీసుకెళ్తున్నారు. ఛార్జింగ్ పెట్టి ఇచ్చేవాళ్లు మాత్రం ఐదో అంతస్తు ఆవిడ ఒక్కరే.